ఎగిరిపోయే ఎరువును పట్టుకుందాం

పొద్దున్నే పశువుల కొట్టం తలుపు తీస్తాం. గుప్పున ఘాటు వాసన కొడుతుంది. ముక్కు మండుతుంది. కళ్లలో నీళ్లు తిరుగుతాయి. రాత్రంతా తలుపు వేసి ఉంటే ఆ ఘాటు ఇంకా ఎక్కువ. పేడ ఎత్తేది మనమే. కొట్టం ఊడ్చేది మనమే. అందుకే ఆ వాసన మగవాళ్ల కన్నా మనకే బాగా తెలుసు.

"పశువులున్నాక వాసన రాదా ఏంటి?" అని సరిపెట్టుకుంటాం. కానీ అది ఉత్త కంపు కాదు. అది ఎరువు. మనం డబ్బు పెట్టి కొనే యూరియాలో ఏ బలం ఉందో, ఆ బలమే మన కళ్లు మండించి గాలిలో కలిసిపోతోంది.

ఆ గాలి పేరు అమ్మోనియా. దాన్ని పట్టుకోవచ్చా? పట్టుకుని మళ్లీ వాడుకోవచ్చా? పట్టుకోవడానికి వాడిన పదార్థాన్నే మళ్లీ మళ్లీ వాడవచ్చా? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు ఒకటే. వాడవచ్చు. ఎట్లాగో చూద్దాం.

అమ్మోనియా ఎక్కడి నుంచి వస్తుంది?

పైరు పచ్చగా పెరగాలంటే నత్రజని కావాలి. మన చుట్టూ ఉన్న గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనే. కానీ వరి, మిరప, పత్తి ఆ నత్రజనిని గాలి నుంచి నేరుగా తీసుకోలేవు. ఆ విద్య కొన్ని సూక్ష్మజీవులకే తెలుసు. కంది, పెసర, జీలుగ వేళ్ల బుడిపెల్లో అలాంటి సూక్ష్మజీవులు ఉంటాయి.

నత్రజని, హైడ్రోజన్ కలిస్తే అమ్మోనియా తయారవుతుంది. గాలిలోని నత్రజనితో అమ్మోనియా చేయవచ్చని 1909లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఫ్రిట్జ్ హేబర్ చేసి చూపించాడు. 1913లో జర్మనీలోనే దానికి పెద్ద కర్మాగారం మొదలయింది. ఇప్పుడు యూరియా అంతా ఇలా చేసిన అమ్మోనియా నుంచే వస్తుంది. మన తెలంగాణలోని రామగుండంలో 2021లో మళ్లీ మొదలైన ఎరువుల కర్మాగారంలోనూ అంతే. గ్యాసు కాల్చాలి. 400 డిగ్రీలకు పైన వేడి చేయాలి. బాగా ఒత్తిడి పెట్టాలి. ఇంత ఖర్చు పెడితేనే అమ్మోనియా చేతికి వస్తుంది.

45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోలకు కొంచెం పైన ఉంటుంది. మన ఆవు, గేదె తినే గడ్డిలో, తవుడులో, చెక్కలో కూడా నత్రజని ఉంటుంది. అందులో కొంత పాలలోకి పోతుంది. కొంత ఒంటికి పడుతుంది. మిగిలింది పేడలో, మూత్రంలో బయటికి వస్తుంది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పశువుల మూత్రంలో ఉండే నత్రజని ఎక్కువ భాగం యూరియా రూపంలోనే ఉంటుంది. బస్తాలోని యూరియా, మూత్రంలోని యూరియా వేరు కాదు. రెండూ ఒకటే. మనం పేడను జాగ్రత్తగా ఎత్తి దిబ్బలో వేస్తాం. మూత్రాన్ని మాత్రం కాలువలోకి వదిలేస్తాం.

మూత్రం వెళ్లి పేడ మీద పడితే ఏమవుతుంది? పేడలోని సూక్ష్మజీవులు మూత్రంలోని యూరియాను విరగ్గొడతాయి. కొద్ది గంటల్లోనే అమ్మోనియా పుడుతుంది. ఎండ తగిలితే ఎక్కువ పుడుతుంది. గాలి వీస్తే ఎక్కువ ఎగిరిపోతుంది. కోళ్ల గూట్లో ఊక తడిసినప్పుడు వచ్చే ఘాటు కూడా ఇదే. దిబ్బను ఎండకు, వానకు, గాలికి వదిలేస్తే అందులోని నత్రజని చాలా భాగం పోతుంది. ఒక్కోసారి సగం దాకా పోతుంది. అప్పుడు చేలోకి బండ్ల కొద్దీ దిబ్బ తోలినా అందులో ఉండాల్సినంత బలం ఉండదు.

ఒంటికి ఏం చేస్తుంది?

అమ్మోనియాకు నీళ్లంటే చాలా ఇష్టం. తడి కనిపిస్తే అందులో కలిసిపోతుంది. మన కళ్లు తడిగా ఉంటాయి. ముక్కు, గొంతు, ఊపిరితిత్తులు కూడా లోపల తడిగానే ఉంటాయి. అందుకే అమ్మోనియా ముందు వాటినే పట్టుకుంటుంది. కళ్లు మంట, దగ్గు, గొంతు గరగర దీని పనే. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆయాసం ఎక్కువవుతుంది. పసిపిల్లల ఉయ్యాల కొట్టం పక్కన కట్టకూడదు.

పది లక్షల పాళ్ల గాలిలో 25 పాళ్లకు మించి అమ్మోనియా ఉంటే, ఆ చోట రోజంతా పని చేయకూడదని అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం చూసే ప్రభుత్వ సంస్థ చెబుతోంది. 300 పాళ్లు ఉంటే ప్రాణానికే ముప్పు.

ఇంకో సంగతి. ఒకేచోట చాలాసేపు ఉంటే ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది. "ఇప్పుడు వాసన లేదులే" అనుకుంటాం. కానీ గాలిలో అమ్మోనియా ఉంటూనే ఉంటుంది. కళ్లు మండుతున్నాయంటే తలుపులు, కిటికీలు తీయాల్సిందే.

కొట్టంలోనే కాదు, మనం కూలికి వెళ్లే చోట కూడా అమ్మోనియా ఉంటుంది. ఐసు ఫ్యాక్టరీల్లో, కోల్డు స్టోరేజీల్లో, రొయ్యలు శుభ్రం చేసే కంపెనీల్లో, పెద్ద పాల డెయిరీల్లో చల్లదనం కోసం అమ్మోనియాను గొట్టాల్లో తిప్పుతారు. గొట్టం పగిలితే గ్యాసు బయటికి వస్తుంది. 2020 ఆగస్టులో చిత్తూరు జిల్లాలోని ఒక పాల డెయిరీలో ఇలాగే అమ్మోనియా లీకయింది. అక్కడ పని చేస్తున్న ఆడవాళ్లు ఆసుపత్రి పాలయ్యారు.

అలాంటప్పుడు ఏం చేయాలి?

కొంగునో, తువ్వాలునో నీళ్లలో తడిపి ముక్కుకూ నోటికీ అడ్డం పెట్టుకోవాలి. అమ్మోనియా కొంత ఆ తడిలోనే ఆగిపోతుంది. గాలి ఎటు వీస్తోందో చూడాలి. గాలి వెంట పరుగెత్తకూడదు. గ్యాసు మన వెనకే వస్తుంది. గాలికి అడ్డంగా, పక్కకు తప్పుకుని దూరం పోవాలి. కళ్లలో పడితే నలపకూడదు. మంచినీళ్లతో కనీసం 15 నిమిషాలు కడగాలి. ఆసుపత్రికి వెళ్లినప్పుడు "అమ్మోనియా పీల్చాం" అని డాక్టరుకు చెప్పాలి.

పిడకల గోడ

ఇక పట్టుకోవడం సంగతి చూద్దాం. గాలిని గుప్పిట్లో పట్టుకోలేం కదా. మరి అమ్మోనియాను ఎట్లా పట్టుకుంటారు?

మనం గోడకు పిడకలు కొడతాం. పేడ ముద్ద గోడ లోపలికి ఇంకిపోదు. గోడ పైన అతుక్కుంటుంది. గోడ ఎంత పెద్దదైతే అన్ని ఎక్కువ పిడకలు పడతాయి. గోడ నిండిపోతే ఇక చోటుండదు. ఎండిన పిడకలు ఊడదీస్తే గోడ మళ్లీ ఖాళీ అవుతుంది. మళ్లీ కొత్త పిడకలు కొట్టుకోవచ్చు.

అమ్మోనియాను పట్టే పదార్థాలు కూడా ఈ గోడ లాంటివే. అమ్మోనియా వచ్చి వాటి పైన అతుక్కుంటుంది. దీన్ని శాస్త్రంలో అధిశోషణం అంటారు. మాట కష్టంగా ఉంది కదా. మనం "అతుకుడు" అనుకుందాం.

గోడ పెద్దది కావాలి అన్నాం. చిన్న బొగ్గు ముక్కలో అంత గోడ ఎక్కడిది? బొగ్గు లోపల కంటికి కనపడని సందులు, గదులు లక్షలాదిగా ఉంటాయి. ఆ గదుల గోడలన్నీ అతుకుడుకు పనికొస్తాయి. ప్రత్యేకంగా తయారు చేసిన బొగ్గు ఒక్క గ్రాము తీసుకుని, దాని లోపలి గోడలన్నీ విప్పి నేల మీద పరిచామనుకోండి. 500 చదరపు మీటర్లకు పైగానే వస్తుంది. అంటే పన్నెండు సెంట్లు. తెలంగాణ లెక్కలో దాదాపు అయిదు గుంటలు. చిటికెడు బొగ్గులో ఇల్లు కట్టుకునేంత జాగా!

కంపెనీల్లో ముఖానికి పెట్టుకునే గ్యాసు మాస్కు చూసే ఉంటారు. దాని ముందు ఒక డబ్బా ఉంటుంది. ఆ డబ్బాలో ఉండేది మందు పట్టించిన బొగ్గే. పీల్చే గాలి అందులోంచి వస్తుంది. విషవాయువు బొగ్గుకు అతుక్కుపోతుంది. మంచి గాలి లోపలికి వస్తుంది. అయితే ఒక్కో వాయువుకు ఒక్కో రకం డబ్బా. అమ్మోనియాకు పనికొచ్చేది వేరే ఉంటుంది. పైగా గోడ నిండినట్టే డబ్బా కూడా నిండుతుంది. నిండిన డబ్బా పెట్టుకున్నా ఒకటే, పెట్టుకోకపోయినా ఒకటే. మీకు మాస్కు ఇస్తే "ఇది అమ్మోనియాకు పనికొచ్చేదేనా? డబ్బా ఎప్పుడు మార్చారు?" అని అడగండి. అడగడం మన హక్కు.

ఊడదీయడం ఎట్లా?

పిడకను చేత్తో ఊడదీస్తాం. అతుక్కున్న అమ్మోనియాను ఎట్లా ఊడదీయాలి? దానికి ముఖ్యంగా మూడు పద్ధతులున్నాయి. ఒకటి వేడి. రెండోది ఉప్పునీళ్లు. మూడోది పులుపు. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది: వేడి

ఇది రెండు వందల ఏళ్ల కిందటి మాట. ఇంగ్లండులో మైకేల్ ఫారడే అనే ఆయన ఉండేవాడు. కమ్మరి కొడుకు. బడి చదువు అంతంతమాత్రమే. 14వ ఏట పుస్తకాలు బైండింగు చేసే దుకాణంలో పనికి చేరాడు. బైండింగుకు వచ్చిన పుస్తకాలనే చదువుకున్నాడు. అలా చదివి చదివి పెద్ద శాస్త్రజ్ఞుడయ్యాడు.

1823లో ఫారడే ఒక ప్రయోగం చేశాడు. వెండితో చేసిన ఒక తెల్లటి ఉప్పు ఉంది. అది అమ్మోనియాను బాగా పట్టుకుంటుంది. ఫారడే ఆ ఉప్పుకు అమ్మోనియా పట్టించాడు. దాన్ని వంచిన గాజు గొట్టంలో ఒక కొసన పెట్టి, గొట్టాన్ని గట్టిగా మూసేశాడు. ఉప్పు ఉన్న కొసను వేడి చేశాడు. రెండో కొసను చల్లగా ఉంచాడు. వేడికి అమ్మోనియా ఉప్పును వదిలేసింది. చల్లని కొసకు చేరి నీళ్లలాగా ద్రవమైపోయింది. వేడి తీసేసి ఉప్పును చల్లారనిచ్చాడు. అమ్మోనియా మళ్లీ వచ్చి ఆ ఉప్పులోనే చేరింది.

చల్లగా ఉంటే పట్టుకుంటుంది. వేడి చేస్తే వదిలేస్తుంది. మళ్లీ చల్లారితే మళ్లీ పట్టుకుంటుంది. ఇక్కడ అమ్మోనియా గోడ పైన అతుక్కోవడం కాదు, ఉప్పు లోపలికే చేరుతుంది. అయినా పట్టడం, వదలడం అదే వరస. ఇప్పుడు వెండి అక్కరలేదు. కాల్షియం క్లోరైడు, మెగ్నీషియం క్లోరైడు అనే చవక ఉప్పులు కూడా ఈ పని చేస్తాయి.

రెండోది: ఉప్పునీళ్లు

జియోలైట్ అని ఒక రకం రాయి ఉంది. 1756లో స్వీడన్ దేశంలో క్రోన్‌స్టెట్ అనే ఆయన ఆ రాయిని మంట మీద పెడితే, నీళ్లు మరిగినట్టు ఆవిరి బుడగలు వచ్చాయి. అందుకే దానికి "మరిగే రాయి" అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. మహారాష్ట్రలో పుణె, నాసిక్ వైపు నల్లరాతి కొండల్లో రకరకాల జియోలైట్ రాళ్లు దొరుకుతాయి.

ఈ రాయి లోపల కూడా సన్నని గదులున్నాయి. ఆ గదుల్లో సోడియం, కాల్షియం లాంటివి కూర్చుని ఉంటాయి. దీన్ని బస్సుతో పోల్చుకుందాం. బస్సులో సీట్లున్నాయి. ఒకరు దిగితే ఆ సీట్లో ఇంకొకరు కూర్చుంటారు. నీళ్లలో కలిసిన అమ్మోనియా జియోలైట్ దగ్గరికి వస్తే సోడియం సీటు దిగిపోతుంది. అమ్మోనియా ఆ సీట్లో కూర్చుంటుంది.

పట్నంలో కొందరి ఇళ్లలో అద్దాల తొట్టెలో రంగుచేపలు పెంచుతారు. చేపలు నీళ్లలోకి అమ్మోనియా వదులుతాయి. అది ఎక్కువైతే చేపలు చచ్చిపోతాయి. అందుకని ఆ తొట్టెల్లో జియోలైట్ ముక్కలు వేస్తారు. కొన్నాళ్లకు సీట్లన్నీ నిండిపోతాయి. అప్పుడు ఆ ముక్కలను బయటికి తీసి ఉప్పునీళ్లలో నానబెడతారు. మనం తినే ఉప్పులో సోడియం ఉంటుంది. ఉప్పునీళ్లలో సోడియం గుంపులు గుంపులుగా ఉంటుంది కదా. అందరూ ఒక్కసారిగా బస్సెక్కినట్టు ఎక్కేస్తుంది. అమ్మోనియా దిగిపోతుంది. ముక్కలను మంచినీళ్లతో కడిగి మళ్లీ తొట్టెలో వేస్తారు. రాయి అదే. కొత్తది కొననక్కరలేదు.

ఇందులో మన కోస్తా వాళ్లకు పనికొచ్చే మాట ఒకటుంది. రొయ్యల చెరువుల్లో అమ్మోనియా పోవడానికి జియోలైట్ పొడి బస్తాలు చల్లుతుంటారు. మంచినీటి చెరువులో అది పని చేస్తుంది. మరి ఉప్పునీటి చెరువులో? అక్కడ నీళ్ల నిండా సోడియమే. సీట్లన్నీ అదే ఆక్రమిస్తుంది. అమ్మోనియాకు చోటు దొరకదు. నీళ్లు ఎంత ఉప్పగా ఉంటే పొడి అంత తక్కువ పని చేస్తుంది. అప్పు చేసి చెరువు వేసినవాళ్లు పొడి కొనే ముందు ఈ సంగతి ఆలోచించుకోవాలి. నీళ్లు పరీక్ష చేయించడం, మేత ఎక్కువ కాకుండా చూడడం, నీళ్లు మార్చడం ముందు చేయాల్సిన పనులు.

మూడోది: పులుపు

మూడు వందల ఏళ్ల కిందట జర్మనీలోని బెర్లిన్‌లో ఒక నీలం రంగు తయారైంది. బొమ్మలు వేసేవాళ్లు దాన్ని ఇప్పటికీ వాడతారు. దాని పేరు ప్రష్యన్ బ్లూ. ఆ రంగు పొడి అమ్మోనియాను పట్టుకుంటుందని 2016లో జపాన్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. గాలిలో అమ్మోనియా కొంచెమే ఉన్నా అది పట్టుకుంటుంది.

ఆ పొడిలోనే రాగి కలిపి ఇంకో రకం కూడా చేశారు. ప్రయోగశాలలో ఒట్టి అమ్మోనియా వాయువులో ఉంచితే, ఆ రకం కిలో పొడి 300 గ్రాములకు పైగా అమ్మోనియాను పట్టే లెక్క తేలింది. పట్టిన తర్వాత పొడిని ఆమ్లంతో కడిగారు. ఆమ్లం అంటే పులుపు గుణం ఉన్న ద్రవం. నిమ్మరసంలో, చింతపండు పులుసులో ఉండే గుణం అదే. ఆమ్లం తగలగానే అమ్మోనియా ఊడివచ్చింది. పొడి మళ్లీ వాడకానికి సిద్ధమయింది.

ఊడివచ్చిన అమ్మోనియా ఏమవుతుంది? పారబోయరు. గంధకం నుంచి చేసిన ఆమ్లంతో కలిస్తే అది అమ్మోనియం సల్ఫేటు అవుతుంది. అమ్మోనియం సల్ఫేటు అంటే మంచి ఎరువు. కళ్లు మండించిన గాలి చేలో చల్లుకునే గుళికలుగా మారుతుందన్నమాట.

అయితే ఇవేవీ ఉత్తపుణ్యానికి రావు. వేడి చేయాలంటే కట్టెలో, కరెంటో కావాలి. ఉప్పు కొనాలి. ఆమ్లం జాగ్రత్తగా వాడాలి. ఇవి పెద్ద పెద్ద కోళ్ల ఫారాలకు, కర్మాగారాలకు, మురుగునీరు శుభ్రం చేసే చోట్లకు సరిపోయే పద్ధతులు. రెండు గేదెలున్న ఇంటికి ఇంత అక్కరలేదు. మనకు ఇంకో పదార్థం ఉంది. అది కాలి కిందే ఉంది.

అన్నిటికన్నా పాత పదార్థం మట్టి

దిబ్బల నుంచి ఎరువు బలం పోతోందని ఇంగ్లండులో కూడా రైతులు బాధపడేవాళ్లు. థాంసన్ అనే భూస్వామి ఒక ప్రయోగం చేశాడు. అమ్మోనియా ఉన్న ఎరువు నీళ్లను మట్టిలోంచి వడకట్టాడు. కిందికి దిగిన నీళ్లలో అమ్మోనియా దాదాపు లేదు. మట్టి దాన్ని పట్టేసుకుంది. వే అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఇంకా ప్రయోగాలు చేసి 1850లో కారణం చెప్పాడు. మట్టిలోకి ఎంత అమ్మోనియా వెళ్లిందో, దానికి బదులుగా అంతకు తగ్గ సున్నపు పదార్థం బయటికి వచ్చింది. అంటే మట్టిలో కూడా బస్సు సీట్లున్నాయి!

అన్ని మట్టులూ ఒకటి కాదు. ఇసుకలో సీట్లు చాలా తక్కువ. ఎర్రమట్టిలో కొన్ని ఉంటాయి. నల్లరేగడిలో, బంక ఎక్కువున్న చెరువు మట్టిలో చాలా ఎక్కువ ఉంటాయి. అందుకే నల్లరేగడి ఎరువును బాగా పట్టి ఉంచుతుంది.

మరి మట్టి నుంచి అమ్మోనియాను ఊడదీసేది ఎవరు? పైరు వేరు. వేరు తనలోంచి కొంచెం పులుపును మట్టికి ఇస్తుంది. దానికి బదులు అమ్మోనియాను తీసుకుంటుంది. కొంత అమ్మోనియాను మట్టిలోని సూక్ష్మజీవులు ఇంకో రూపంలోకి మార్చి వేరుకు అందిస్తాయి. జపాన్‌లో నీలం పొడిని పులుపుతో కడిగారు అనుకున్నాం. మన చేలో వేరు చేసే పని కూడా అలాంటిదే. ఖాళీ అయిన మట్టి మళ్లీ ఎరువును పట్టుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. ఏటేటా మళ్లీ మళ్లీ వాడుకునే పదార్థం మన చేను మట్టే.

మన ఇంట్లో ఏం చేయవచ్చు?

1. కొట్టం నేల కొంచెం వాలుగా ఉండాలి. వాలు చివర చిన్న కాలువ తీయాలి. మూత్రం పేడలో కలవకుండా ఆ కాలువ వెంట ఒక గుంటలోకి పోవాలి.

2. ఆ గుంటలో పొడి మట్టి పోసి ఉంచాలి. నల్లమట్టి గానీ, ఎండాకాలం తెచ్చుకున్న చెరువు మట్టి గానీ అయితే మంచిది. మట్టి బాగా తడిశాక తీసి ఎరువు గుంటలో వేయాలి. మళ్లీ పొడి మట్టి పోయాలి.

3. కాలువ తీయడానికి వీలు కాకపోతే పశువుల కింద పొడి మట్టి, చెత్త గడ్డి పరవాలి. తడిసిన మట్టిని ఎప్పటికప్పుడు ఎత్తి దిబ్బలో వేయాలి. కొట్టంలో ఘాటు తగ్గుతుంది. దిబ్బకు బలం పెరుగుతుంది.

4. పేడను కుప్పగా వదిలేయకూడదు. గుంటలో వేసి పైన జానెడు మట్టి కప్పాలి. ఎండా వానా తగలకుండా పైన పందిరి వేస్తే ఇంకా మంచిది.

5. పచ్చి పేడ మీద, మూత్రం మీద సున్నం చల్లకూడదు. పొయ్యి బూడిద కూడా పోయకూడదు. అవి పడితే అమ్మోనియా ఇంకా తొందరగా ఎగిరిపోతుంది. బూడిదను విడిగా దాచి కూరగాయల పాదులకు వేసుకోండి.

6. బూడిద వేరు, బొగ్గు వేరు. పొయ్యిలో మిగిలిన బొగ్గును నలగ్గొట్టి దిబ్బలో కలపవచ్చు. ఫ్యాక్టరీ బొగ్గంత కాకపోయినా కొంత పట్టుకుంటుంది. అది దిబ్బతో పాటే చేలోకి పోతుంది.

7. మూత్రం ఉన్న చోట బ్లీచింగ్ పౌడరు చల్లకూడదు. రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. ముందు నీళ్లు పోసి బాగా కడగాలి. మూత్రం పూర్తిగా పోయాకే బ్లీచింగ్ వాడాలి.

8. దిబ్బను చేలో కుప్పలుగా పోసి రోజుల తరబడి వదలకూడదు. తోలిన రోజే వెదజల్లి దున్ని మట్టిలో కలపాలి. యూరియా కూడా అంతే. పైపైన చల్లి వదిలితే అందులోంచి కూడా అమ్మోనియా ఎగిరిపోతుంది.

చేసి చూడండి

రెండు పాత డబ్బాలు తీసుకోండి. రెండింటిలోనూ గ్లాసెడు పశువు మూత్రం, కొంచెం పచ్చి పేడ వేసి కలపండి. ఒక డబ్బాను అలాగే వదలండి. రెండో దాంట్లో నాలుగు వేళ్ల మందం పొడి నల్లమట్టి పోయండి. రెండింటినీ నీడలో పెట్టండి. మర్నాడు పొద్దున చూడండి. డబ్బా మీద ముఖం పెట్టి వాసన చూడకండి. దూరంగా నిలబడి, చేత్తో గాలిని ముక్కు వైపు విసురుకోండి. ఏ డబ్బా ఘాటుగా ఉంది? ఎందుకు? ఇంట్లో వాళ్లకు కూడా చూపించి చెప్పండి. రెండు డబ్బాల్లో ఉన్నదీ తర్వాత ఎరువు గుంటలోనే వేయండి.

సంఘంలో మాట్లాడుకోండి

మన ఊళ్లో ఎన్ని ఇళ్లలో మూత్రం కాలువ ఉంది? లేని ఇళ్లలో తవ్వడానికి ఎన్ని రోజుల పని పడుతుంది?

ఎండాకాలంలో చెరువు పూడిక తీసేటప్పుడు ఆ మట్టిని ఎవరు తీసుకెళ్తున్నారు? మన కొట్టాలకు రెండు బండ్లు తెచ్చుకోవాలంటే ఎవరిని అడగాలి?

ఈ ఏడు మీ ఇంట్లో యూరియాకు ఎంత ఖర్చయింది? లెక్క రాసి పెట్టండి. గుంట, మట్టి పద్ధతి పాటించిన తర్వాత వచ్చే ఏడు మళ్లీ రాయండి. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి.

కంపెనీలో పనికి వెళ్లే అక్కచెల్లెళ్లు మీ సంఘంలో ఉన్నారా? గ్యాసు లీకైతే ఎటు వెళ్లాలో, నీళ్లు ఎక్కడ ఉంటాయో, మాస్కులు ఎక్కడ పెట్టారో వాళ్లకు తెలుసా? తెలియకపోతే ఈ పాఠం వాళ్లకు చదివి వినిపించండి. రేపు పనికి వెళ్లగానే అడిగి తెలుసుకోమని చెప్పండి.